జానెడు బట్టలో దుబాయ్ పోగు

“పొద్దుగాల ఎనిమిదింటికి దుబాయ్‌ల ఇమానం ఎక్కిన కాకా. మన గడియారంల తొమ్మిదిన్నర. మూడు గంటలల్ల ముంబై. పన్నెండున్నరకు దిగిన. ఆడికెల్లి టాక్సీ పట్టుకొని రాత్రి ఎనిమిదింటికి ఈడికొచ్చిన. ఇంకేం గావాలె నీకు?”

ఇది చెప్పేటప్పుడు అభిజిత్ ఒక్క అంకె దగ్గర కూడా తడబడలేదు. ముప్పై ఏళ్ళు నూలు అమ్మినవాణ్ణి నేను. అడగకముందే సరుకు బరువు గ్రాములతో సహా అప్పజెప్పేవాడు ఎదురైతే, కాటా ఇంకోసారి చూసుకోవడం నాకు అలవాటు.

ఆసుపత్రి క్యాంటీన్‌లో మా మధ్య రెండు చాయ్‌లు చల్లారిపోతున్నాయి. పై అంతస్తులో అతని మామ పురుషోత్తం స్పృహ లేకుండా ఉన్నాడు. నిన్న, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, సోలాపూర్ భవాని పేట్‌లోని తన సొంత కార్ఖానాలో తల పగిలి పడి కనిపించాడు. పక్కన రక్తం అంటిన పాత నాడె ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ చెక్కకు రెండు వైపులా ఇనుప మొనలుంటాయి. చూసి కేకలు పెట్టింది అతని దగ్గర చద్దర్లు నేసే పెంటప్ప. పోలీసులు పట్టుకుపోయిందీ పెంటప్పనే. ఈ సాయంత్రం కోర్టులో నిలబెడతారు.

వ్యాపారం కొడుక్కి అప్పగించాక నేను పెట్టుకున్న పని ఇదే. ఎవరి సరుకు ఏ దారిలో మాయమైందో, ఏ భాగస్వామి ఎవరిని ముంచాడో కనుక్కుంటాను. మనిషి తల పగిలిన కేసు మాత్రం కొత్త. పెంటప్ప భార్య గంగుబాయి పొద్దున్నే ఊరవతల కుంభారి నుంచి బస్సులో వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. ఏడవలేదు.

“మా ఆయినె లొల్లి వెట్టుకున్నడు, నిజమే. కొట్టలె. నువ్వు లెక్క జూడు సిద్ధరాములన్నా. లెక్కల మావోనిదే తప్పని తేలితే నేనే నోరు మూస్కొని పోత” అంది.

ఆ మాట మీదే ఈ క్యాంటీన్‌కి వచ్చాను.

“ఏమనుకోకు అభీ” అన్నాను. “టికెట్ ఉన్నదా?”

“ఫోన్ల ఉన్నది. మామ ఇన్సూరెన్సోళ్ళు పుణెకెల్లి ఋషికేశ్‌ను పంపిన్రు గద, ఆయినెకు అన్ని జూపెట్టిన. పాస్‌పోర్టు జూసిండు. ముంబైల దిగినప్పుడు కొట్టిన ఠప్పా ముద్ర మీద బుధవారం తారీఖే ఉన్నది. ఇమానం కిటికీలకెల్లి ఫొటో దీసి ఇంటి గ్రూపుల ఏసిన, తొమ్మిదిన్నరకు. ఆరతిని అడుగు, నమ్మకుంటె.”

ఆరతి పురుషోత్తం కూతురు, ఇతని భార్య. ఇతనూ ఈ పేటలోనే మగ్గాల చప్పుడులో పెరిగినవాడే. అడిగే వచ్చాను. ఫొటో వచ్చిన మాట నిజమే. రెక్క, రన్‌వే, ఎండ.

మాట్లాడుతున్నంతసేపూ అభిజిత్ వేళ్ళు ఒక తెల్లటి పోగును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. నూలు కనిపిస్తే నా కళ్ళు మనిషి మీద నిలవవు.

“చేతిల ఏంది?”

అతని ముఖం మొదటిసారి వెలిగింది. జేబులోంచి చిన్న నూలు చిలప తీసి నా ముందు పెట్టాడు. “వెదురు నూలు, కాకా. తువ్వాళ్ళకు. మంగళారం సాయంత్రం దుబాయ్ దేరా బజార్ల బయ్యర్ చేతికిచ్చిండు. జర వెలుతురుల వెట్టి జూడు. నడుమ నీలి ఎంటిక లెక్క కనిపిస్తుందా? ఈ బయ్యర్ కోసమనే మిల్లోడు దాన్ని పురిల కలిపిండు. ఎవడన్న నకలు మాల్ నేస్తే దొరకాలని. ఇంకా బజార్ల రాలె. మన ఊళ్ళె నా ఒక్కని తాననే ఉన్నది.”

పట్టుకుంటే చల్లగా, జారుడుగా ఉంది. మంచి సరుకు. అబద్ధం చెప్పను, నాకూ ఆశ పుట్టింది.

“మీ మామ పాత సాంచ మగ్గాల మీద ఇది నడవదు గద?”

“అదే గద నా నెత్తినొప్పి! జాగ అమ్మేద్దాం, ఎంఐడీసీ ఇండస్ట్రీ ఏరియాల కొత్త మెషిన్లు వెడదాం అని ఏడాది సంది మామకు జెప్తున్న. ఇనడు. మగ్గాన్ని కన్నబిడ్డ లెక్క...” అని ఆగిపోయి చాయ్ కప్పు అందుకున్నాడు.

“నిన్న వచ్చినంక కార్ఖానాకు పోయినవా?”

“యాడ పోత! ఒంటిగంట దాటంగనే పోలీసులు తాళమేసి సీల్ కొట్టిన్రు. నేను ఆ గడప తొక్కి రెండు నెలలాయె.”

“ఒక పోగియ్యి” అన్నాను లేస్తూ.

నూలు వాళ్ళలో ఇదొక మర్యాద. కొత్త నూలు చూపించినవాడు చూసినవాడికి ఒక పోగు తెంపి ఇవ్వాలి. అభిజిత్ ఆలోచించకుండా పంటితో తెంపి ఇచ్చాడు. చూపుడువేలికి చుట్టుకుని ఆటో ఎక్కాను.

*

కార్ఖానా గుమ్మం దగ్గర ఋషికేశ్ నా కంటే ముందే ఉన్నాడు. పుణె చొక్కా, పుణె బూట్లు. ఈ పేటలోనే పుట్టాడు. చదువుకునే రోజుల్లో నా దుకాణంలో కూర్చుని నూలు నంబర్లు నేర్చుకున్నాడు. ఇప్పుడు నన్ను చూస్తే నవ్వు ఒక పక్కకే వస్తుంది.

“ఏం సేట్, గంగుబాయికి వకీల్ అయినవట?”

“నువ్వెవని వకీల్‌వో అది జెప్పు ముందు.”

“నేను కంపెనీ మనిషిని. నా రిపోర్టు సాయంత్రం పోవాలె, పోతది.” వేళ్ళు మడిచి చెప్పసాగాడు. “నిన్న ఈ కార్ఖానాకు సుట్టి. పనోళ్ళు ఎవ్వలు రాలె. ముసలాయన ఒక్కడే ఎనిమిదిన్నరకు వచ్చి తన మగ్గం మొదలువెట్టిండు. ఎదురింటోళ్ళు జూసిన్రు. తొమ్మిదింటికి పెంటప్ప వచ్చి లొల్లి జేసిండు, కార్ఖానా అమ్ముతున్రని ఎవడో ఊదిండట. పక్కోళ్ళు ఇన్నరు. తొమ్మిదిన్నరకెల్లి ఆరతి తండ్రికి ఐదుసార్లు ఫోన్ జేసింది. ఎత్తలె. అంటే ఏంది? అప్పటికే పడిపోయిండు. ఆ టైముకు అల్లుడు ఇమానంల ఉన్నడు, పెంటప్ప ఈడున్నడు. ఖేల్ ఖతం.”

“పెంటప్ప ఏమంటుండు?”

“తిట్టి ఎల్లిపోయిండట. కుంభారికి పోయి, పన్నెండింటికి పెండ్లాంతోని బీడీలు అప్పజెప్పనీకె పోయిండట. మనసాగక మాఫీ అడుగుతనని ఒంటిగంటకు మళ్ళ వచ్చిండట. మంచి కత.”

హవాల్దార్ సీల్ విప్పాడు. “దహా మినిట్, సాహెబ్. లౌకర్ కరా.” పది నిమిషాలు, త్వరగా కానివ్వమన్నాడు. చాలు.

లోపల రెండు వరుసల కరెంటు మగ్గాలు. కిటికీ పక్కన మూలనున్నది పురుషోత్తం సొంత మగ్గం. సుట్టి రోజు కూడా దాన్ని ఆపేవాడు కాదు. నేల మీద రక్తపు మరక నల్లబడింది. మగ్గం ముందుకు వంగి చూశాను. నాడె పెట్టెలో ఉంది, దాని లోపలి కండె ఖాళీగా ఉంది. ఒక కండె పేక నూలు నాలుగైదు నిమిషాలే వస్తుంది, అది అయిపోతే ఈ మగ్గం దానంతటదే ఆగిపోతుంది. దీన్ని ఎవరూ ఆపలేదు. ఆపే మనిషి అప్పటికే పడిపోయి ఉన్నాడు.

“ఆయిన ఫోన్ యాడ దొరికింది?”

“ఆ కిటికీల.”

“నీ ఫోన్ ఆడ వెట్టు.”

“ఎందుకు?”

“వెట్టు ఋషీ. తినను దాన్ని.”

పెట్టాడు. నేను పక్క మగ్గం మీటను నెట్టాను. ధడధడ మొదలైంది. ఋషికేశ్ ఏదో అరిచాడు, పెదవులు మాత్రమే కదిలాయి. అతను విసుగ్గా మగ్గం వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే పడుగులో ఒక పోగు పుటుక్కున తెగింది. నేను మగ్గం ఆపాను. ఋషికేశ్ ఇంకా నన్ను తిడుతూనే, కిటికీ గూట్లోంచి ఒక నూలు ముక్క లాగి, తెగిన పోగుకు ముడివేసి, కొసను బట్ట మీదికి లాగి వదిలాడు. రెప్పపాటు పని. తాను చేసినట్టు అతనికి తెలియను కూడా లేదు.

“నీ ఫోన్ జూస్కో” అన్నాను.

చూశాడు. నా దగ్గర నుంచి రెండు మిస్డ్ కాల్స్. మనిషికీ ఫోన్‌కీ మధ్య రెండు అడుగులే ఉన్నాయి.

“ఎప్పుడు జేసినవ్?”

“మగ్గం ఆడుతున్నప్పుడు. నువ్వు ఇనలె. ఆయిన సుత ఇనలె. ఎత్తలేదంటె పడిపోయిండని అర్థం గాదు, నేస్తుండని అర్థం.”

“అది నీ ఊహ.”

“ఊహ ఎందుకు, బట్ట ఉన్నది గద.”

ఈ పేటలో పెద్దవాళ్ళు పొద్దున మగ్గానికి బొట్టు పెట్టాక, అదే వేలితో బట్ట అంచును ఒకసారి తాకుతారు. ఆ రోజు నేత అక్కడ మొదలైందని గుర్తు. చద్దరు మొదటి ఉతుకుతోనే పోతుంది కాబట్టి కొన్నవాడికి తెలియదు. పురుషోత్తం ఏ ఒక్కరోజూ అది మానలేదు. ఋషికేశ్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని చుట్టిన బట్టను వెనక్కి విప్పాం. అంచున వేలిముద్ర అంత కుంకుమ కనిపించింది. అక్కడి నుంచి మగ్గం ఆగిన చోటి దాకా లెక్కపెట్టాం. మూడు చద్దర్లు, పైన సగం.

“ఈ మగ్గం మీద ఆయిన చెయ్యి గంటకు ఒక చద్దరు” అన్నాను. “నీకు తెల్వనిదా? చిన్నప్పుడు ఈడ కూసొని లెక్కవెట్టినోనివే.”

ఋషికేశ్ గొంతు తగ్గింది. “ఎనిమిదిన్నర నుంచి మూడున్నర గంటలు. పన్నెండు.”

“తల పగిలినోడు అన్ని చద్దర్లు నేయడు. పెంటప్ప పోయినంక చానసేపు ఆయిన మంచిగనే ఉన్నడు.”

ఒక్క క్షణం తడుముకున్నాడు, అంతే. ఓడిపోవడం ఇష్టం లేని మనిషి తొందరగా తేరుకుంటాడు. “సరే, పన్నెండే అనుకో. పెంటప్ప పన్నెండింటికే వచ్చిండు, కొట్టిండు, ఒంటిగంటకు అప్పుడే జూసినట్టు నాటకమాడిండు.”

“ఆ టైముకు బీడీ కార్ఖానాల ఉన్నడు. ఆడోళ్ళు జూసిన్రు.”

“అందరు గంగుబాయి దోస్తులే. కోర్టుల ఒక్కతి నిలవడదు. సేట్, నువ్వు టైము మార్చినవ్, మనిషిని మార్చలె. అల్లుడు పన్నెండింటికి సుత ఇమానంలనే ఉన్నడు. ఇంగ నా పని అయిపోయింది.”

అతని మాటలో న్యాయం ఉంది. నేను సగం సరుకే తూచాను. బయట హవాల్దార్ తాళం చెవులు ఆడిస్తున్నాడు. సాయంత్రానికి పెంటప్ప కోర్టులో ఉంటాడు, ఆ తర్వాత అతని కోసం ఆధారాలు వెతికేవాళ్ళు ఎవరూ ఉండరు.

బట్టను మళ్ళీ చుట్టడానికి చివరి భాగం మీద చెయ్యి వేశాను. అరచేతి కింద ఏదో తేడా తగిలింది.

కళ్ళకు కాదు, చర్మానికి. మొత్తం బట్ట గరుకు నూలు. మధ్యలో ఒక్క పోగు చల్లగా, జారుడుగా ఉంది. బట్ట చివరికి జానెడు దూరంలో మొదలై, చివరిదాకా వచ్చి, మగ్గం లోపలికి వెళ్ళిన పడుగుకు ముడిపడి ఉంది. తెగిన పోగును ఎవరో అతికిన చోటు అది. వంగి వెలుతురుకు పట్టాను. తెలుపులో సన్నటి నీలి వెంట్రుక.

చూపుడువేలి మీది పోగు విప్పి దాని పక్కన పెట్టాను.

“ఏంది?” ఋషికేశ్ కూడా వంగాడు.

“నువ్వే జూడు. రెండిట్ల తేడా జెప్పు.”

చాలాసేపు చూశాడు. గోటితో పురి విప్పి చూశాడు. “ఒక్కటే నూలు. నీ చేతిలది యాడిది?”

“గంట కింద అభిజిత్ ఇచ్చిండు. మంగళారం సాయంత్రం దుబాయ్‌ల చేతికొచ్చిందట. ఈ ఊళ్ళె ఇంకెవ్వల తాన లేదని ఆయినే జెప్పిండు. నిన్న ఒంటిగంటకు ఈ గడపకు సీల్ వడ్డది. మరి ఇది పన్నెండింటికి బట్టల ఎట్ల వచ్చి కూసున్నది?”

“కొట్టనీకె వచ్చినోడు పోగు అతుకుతడా సేట్? ఎవ్వడన్న నమ్ముతడా?”

“ఇందాక నీ చెయ్యి ఏం జేసింది?”

అతను పక్క మగ్గం వైపు తిరిగాడు. తాను వేసిన ముడి అక్కడే ఉంది. దాన్ని వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“కొట్టనీకె వచ్చిండో, మాట్లాడనీకె వచ్చిండో నాకు తెల్వది” అన్నాను. “వచ్చిండు. ముసలాయనతోని వాదన నడుస్తుండగ పోగు తెగింది. ఈ చప్పుట్ల పుట్టినోడు తెగిన పోగును జూసి ఊకోలేడు. జేబుల ఉన్నదాంతోని అతికిండు. ఆ అతికింది కంటికి ఆనలె, మనసుకు ఆనలె. తర్వాత జానెడు బట్ట పడేదాక మాటలు నడిచినయ్. ఆఖరికి పక్కనున్న పాత నాడె అందుకున్నడు.”

ఋషికేశ్ గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడతను నాతో కాదు, తనతోనే వాదిస్తున్నాడు. “కాని దూరం, సేట్! రెండు వేల కిలోమీటర్ల మీదనే. పొద్దున ఎక్కినోడు పన్నెండింటికి ఈడెట్లుంటడు? దుబాయ్ ఇమానాలు మన ఊళ్ళె దిగవు.”

“పొద్దున ఎక్కిండని ఎవలన్నరు?”

“టికెట్...”

“టికెట్ కొన్నడు. ఎక్కినట్టు దానిమీద రాసుంటదా? రాత్రి ఇమానాలు లేవా?”

ఫోన్‌లో వెతికాడు. “బోలెడున్నయ్. మంగళారం రాత్రి పదింటికి ఒకటి ఉండె.”

“ఆడ పదంటె మనకు పదకొండున్నర. మూడు గంటలు కలుపు.”

“రెండున్నర.” నెమ్మదిగా తలెత్తాడు. “తెల్లారితే బుధవారం.”

“తెల్లారేదాక ఎందుకు, అప్పటికే బుధవారం. ముంబైల కొట్టిన ఠప్పా మీద తారీఖు ఉంటది, గంట ఉండదు. రాత్రి దిగినా, మధ్యాహ్నం దిగినా ఠప్పా ఒక్కటే. దుబాయ్‌ల ఎల్లేటప్పుడు?”

“ఆడ మెషిన్ గేట్లు. ఏం కొట్టరు.” ఋషికేశ్ నుదురు రుద్దుకున్నాడు. “ఫొటో పాతది గావొచ్చు. ఎప్పుడు ఏసిండన్నది కనిపిస్తది గని, ఎప్పుడు దీసిండో కనిపించది.”

“సముద్రం మూడు గంటలల్ల దాటిండు. ముంబైకెల్లి సోలాపూర్‌కు నాలుగు వందల కిలోమీటర్లు, దానికి ఏడు గంటలు, ఇంకొక గంట ఏస్కో. పదకొండు దాటేసరికి ఈ పేటల ఉంటడు. పని జూస్కొని మళ్ళ ఊరు దాటిపోయి, చీకటి పడ్డంక దుబాయ్‌కెల్లి వచ్చినట్టు దిగిండు.”

ఋషికేశ్ జేబులోంచి నోట్‌బుక్ తీసి పేజీలు తిప్పాడు. చివరికి, “ఒకటి నేను రాసుకోలె” అన్నాడు. “ఒంటిగంట దాటినంక ఆరతి మొగనికి ఫోన్ జేసి సంగతి జెప్పింది. ‘ఇప్పుడే ఇమానం దిగుతున్న’ అన్నడట. ఎనక లారీ హారన్ ఇనవడ్డదని జెప్పింది నాకు. ఏడ్పుల ఏదో అంటుందనుకున్న.”

“ఇప్పుడు రాస్కో.”

“ఇమానం దిగేటోనికి లారీ యాడిది?” అని తనే అనుకుని, ఫోన్ తీసి బట్టకూ, పోగుకూ, ముడికీ ఫొటోలు తీశాడు. హవాల్దార్‌ను పిలిచి, మరాఠీలో గట్టిగా, ఆ మగ్గాన్ని ఎవరినీ ముట్టనివ్వొద్దన్నాడు. రిపోర్టు సంగతి నేను అడగలేదు. అడిగి అతన్ని చిన్నబుచ్చడం నాకు లాభం లేని బేరం.

బయట మెట్ల మీద గంగుబాయి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

“తేలిందా అన్నా?”

“తేలింది చెల్లే. మీ ఆయిన కొట్టలె.”

“అది నాకు తెలుసు. పోలీసోళ్ళు ఒప్పుకుంటరా?”

“పురుషోత్తం కండ్లు తెరిచి ఒక్క పేరు చెప్తే ఒప్పుకుంటరు” అన్నాడు ఋషికేశ్. “ఇమానం కంపెనీ లెక్కలు రానీకె దినాలు వడతయ్, పోగు ఒక్కటే అంటే వకీళ్ళు పదేండ్లు గుంజుతరు. ఆయిన నోరు గావాలె.”

నా ఫోన్ మోగింది. ఆరతి. ఏడుస్తోంది, కానీ సంతోషంతో.

“కాకా! నాయిన కండ్లు తెరిచిండు! ఏందో చెప్పవోయిండు, నోరు తిరగలె. డాక్టర్ మంచిగైతడన్నడు.”

“నువ్వు ఆయిన పక్కనే ఉన్నవా?”

“లేదు కాకా, ఇప్పుడే తీస్కపోయిన్రు. ముంబైల పెద్ద దవాఖానకు. అభి అంబులెన్స్ మాట్లాడిండు. నర్సు సుత వస్తనన్నది. వద్దన్నడు, ‘నేనున్న గద’ అని.”

మెట్లు దిగుతూనే అడిగాను. “ఎంతసేపాయె?”

“పదిహేను నిమిషాలు. ఏమైంది కాకా?”

ఋషికేశ్ నా మొహం చూసే కారు వైపు పరుగెత్తాడు. ఒక చేత్తో తలుపు లాగుతూ, ఇంకో చేత్తో పోలీస్ స్టేషన్ నంబర్ నొక్కుతున్నాడు. నేను ముందు సీట్లో కూర్చునేసరికి గంగుబాయి వెనక ఎక్కి తలుపు వేసుకుంది. దిగమని ఎవరూ అనలేదు.

“పుణె రోడ్డే పట్టాలె” అన్నాడు ఋషికేశ్, కొంతం చౌక్ దగ్గర హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా. “ముంబైకి ఏడు గంటల దారి. అందుకోవచ్చు, సేట్.”

నా వేలికి పోగు ఇంకా చుట్టి ఉంది. బిగుసుకుని వేలు తెల్లబడింది.

“ముంబై దాక పోయేటోనికి ఏడు గంటలు, ఋషీ” అన్నాను. “మామ నోరు మూపియ్యనీకె అభికి అంత దూరం అక్కర్లేదు.”